శోథహర ఔషధములు – కొవ్వు సూక్ష్మకణములు: వానిని పరీక్షించు విధానము

ఇప్పనూనె పుష్యమాసపు చలిలో పాత్రయందు నేతివలె పేరుకొనియుండును. వైశాఖము వచ్చునప్పటికి అదే పాత్రలో అదే నూనె తేటపడి జారుచుండును. ప్రాణహిత గోదావరితో సంగమించుచోట, కాళేశ్వరమునకు ఎదురుగట్టుననున్న సిరోంచలోను, అచటినుండి ఇంద్రావతి గోదావరిలో కలియు సోమనూరు వరకుగల అడవిపల్లెలలోను వసించు తెలుగువారికిని, గోండు, మాడియా జనులకును ఇది ఏటేట కంటబడు సంగతి. నూనెలోని ద్రవ్యము మారలేదు. అణువులు ఒకదాని ప్రక్క నొకటి ఒదిగియుండు తీరు మాత్రము వేడిమినిబట్టి మారినది. కొవ్వునకుగల ఈ స్వభావమే నేడు ఔషధశాస్త్రమునందు ఒక పెద్ద ప్రయత్నమునకు ఆధారమైనది. ఆ ప్రయత్నమునకు చిక్కులు తెచ్చిపెట్టుచున్నదియు నిదియే.

ఆ ప్రయత్నమేమన, నొప్పిని వాపును తగ్గించు మందును కొవ్వుపదార్థపు అతిసూక్ష్మకణములలో ఇమిడ్చి శరీరమునకు అందించుట. కొవ్వుపదార్థములను రసాయనజ్ఞులు లిపిడ్లు అందురు. కణముల కొలత నానోమీటరులలో నుండును గనుక వీనికి లిపిడ్ నానోకణములని పేరు వచ్చినది. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటరులు. రక్తములోని ఎఱ్ఱకణపు అడ్డుకొలత 7,000 పైచిలుకు. ఈ మందుకణములు 50 మొదలు 1,000 లోపల, సాధారణముగా 200 ప్రాంతమున నుండును. ఇట్టి కణములను తయారుచేయుట నేడంత దుర్ఘటము కాదు. తయారైన పాలవంటి తెల్లని ద్రవములో నిజముగా నేమున్నదో కనుగొనుట కష్టము. ఈ వ్యాసమున ప్రధానముగా వివరింపబోవునది ఆ కనుగొను విధానము.

వాపు, దానికి మందు

గాయము తగిలినచోట, కీలు అరిగినచోట, క్రిమి ప్రవేశించినచోట శరీరము ఎఱ్ఱబడి, వేడెక్కి, ఉబ్బి, నొప్పిపెట్టును. వైద్యులు దీనిని శోథమందురు. ఇది మూలమున శరీరరక్షణకై ఏర్పడినదే. చిత్రమేమనగా, ఈ వాపు పుట్టుటయు కొవ్వునుండియే. జీవకణమును చుట్టియుండు పొర కొవ్వుపదార్థముతో నిర్మితమైనది. గాయము తగులగనే ఆ పొరనుండి అరాకిడోనిక్ ఆమ్లమను కొవ్వుఆమ్లము విడివడును. సైక్లోఆక్సిజనేజ్ అను ఎంజైము దానిని ప్రోస్టాగ్లాండిన్లుగా మార్చు మార్గమున నడపును. ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళములను విప్పార్చి, నొప్పినెఱిగించు నరములను చుఱుకెక్కించును. 1899లో అమ్మకమునకు వచ్చిన ఆస్పిరిన్ ఎట్లు పనిచేయుచున్నదో డెబ్బదియేండ్లవరకు ఎవరికిని స్పష్టముగా తెలియలేదు. 1971లో ఇంగ్లండునందు జాన్ వేన్ అది ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుచున్నదని నిరూపించెను. 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్ అను స్వీడను శాస్త్రజ్ఞులతోపాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఇండోమెథసిన్, సెలికాక్సిబ్ మొదలగునవన్నియు ఈ కుదురులోనివే.

అయితే ఇవే ప్రోస్టాగ్లాండిన్లు అన్నకోశపు లోపలిపొరను ఆమ్లమునుండి కాపాడుచున్నవి. నీరు తగ్గిన శరీరములో మూత్రపిండములకు రక్తము తగ్గకుండ చూచుచున్నవి. వాపును అణచుటకై వీనిని అన్ని తావులను అణచినయెడల కడుపులో పుండుపడుట, మూత్రపిండములు దెబ్బతినుట సంభవించును. తునికాకు దినములలో తెల్లవారుజామున అడవికి పోయి, వంగి వంగి ఆకు కోసి, కట్టలు కట్టి కల్లములో అప్పగించు కూలివాని సంగతి ఆలోచింపుడు. నడుమునొప్పి తప్పదు; ఒంటిలో నీరు ఇంకిపోయియుండును; కడుపు ఖాళీ. మిరపకోతకై గోదావరి దాటి తెలంగాణ గ్రామములకు పోవు స్త్రీల స్థితియు నిట్టిదే. అట్టివారు నొప్పిమాత్ర మ్రింగుట సులభము. ఆ మాత్ర అన్నకోశమునకును, మూత్రపిండములకును హానిచేయుటకు అంతకంటె అనువైన శరీరస్థితి మఱొకటి లేదు. కావున మందును నొప్పియున్న తావుననే నిలిపి, తక్కిన శరీరమునకు తక్కువగా పోనిచ్చు ఉపాయము దొరకినచో దాని ప్రయోజనము మొదట పొందదగినవారు వీరు.

కొవ్వునే యేల ఎన్నుకొనిరి?

ఈ మందులలో పెక్కు నీటిలో సరిగా కరగవు, కొవ్వులో కరగును. మన చర్మపు పైపొర చూచుటకు పొడిగనున్నను, అందలి మృతకణముల సందులను నింపియున్నది కొవ్వుపదార్థమే. కొవ్వుకణములతోకూడిన లేపనమును చర్మముపై పూసినప్పుడు అవి పలుచని పొరగా పరచుకొని, లోపలి చెమ్మ ఆవిరియై పోకుండ అడ్డును. చెమ్మపట్టిన చర్మము మెత్తబడి మందును లోనికి పోనిచ్చును. కణములే చర్మమును తొలుచుకొని లోపలికి దూరునని కొందరు వ్రాయుచుందురు. చెక్కుచెదరని చర్మమును ఈ కణములు దాటునని చెప్పుటకు ఆధారము చాలదు. దాటునది మందు.

కొవ్వులో మందును మోయించు ఆలోచన క్రొత్తది కాదు. ఇంగ్లండున అలెక్ బాంగమ్ 1960 దశకమున లిపిడ్ పొరలు నీటిలో తమంతట తామే సంచులుగా మూసికొనునని చూపెను, వానినే లైపోసోములందురు. జపానుదేశమున 1988లో డెక్సామెథసోన్ పామిటేట్ అను శోథహర ఔషధమును, 1992లో ఫ్లుర్బిప్రోఫెన్ మందు రూపమునొకదానిని సోయానూనె బిందువులలో ఇమిడ్చి సూదిమందుగా విడుదల చేసిరి. ఈ బిందువుల కొలత సుమారు 200 నానోమీటరులు. వాపుగల తావున రక్తనాళముల అతుకులు వదులై యుండును గనుక బిందువులు అచ్చటనే అధికముగా చేరుట వీని సుగుణము. 1990 తరువాత జర్మనీలో రైనర్ మ్యూలర్, ఇటలీలోని టూరిన్ నగరమున మరియా రోసా గాస్కో నూనెకు బదులు శరీరపు వేడిమికి గట్టిగా నుండు కొవ్వును వాడిరి. గట్టికొవ్వులో చిక్కిన మందు త్వరగా జారిపోదని వారి యూహ. 2020లో కోవిడ్ టీకాలకై వాడిన లిపిడ్ కణములు పేరునకు చుట్టములేగాని, వాని నిర్మాణమును, పనియు వేఱు. ఆ రెంటిని ఒకటిగా భావింపరాదు.

మన ప్రాంతమునకు దగ్గరగా జరిగిన పని రెండు దిక్కుల నున్నది. సిరోంచకు దక్షిణమున వరంగల్లు నగరమందలి కాకతీయ విశ్వవిద్యాలయమున వి. వెంకటేశ్వర్లు, కె. మంజునాథ్ అనువారు 2004లో క్లోజపిన్ అను మందును గట్టికొవ్వు నానోకణములలో చేర్చి, వాని గుణములను సమగ్రముగా పరీక్షించి ప్రకటించిరి. క్లోజపిన్ మానసికవ్యాధికి మందు, శోథహరము కాదు. అయినను ఆ పరీక్షావిధానము ఏ మందునకైనను వర్తించునది. తెలుగుగడ్డపై జరిగిన ఈ విధమైన పనిలో లోకమెల్ల ఉదాహరించు వ్యాసమది. పడమట, సిరోంచ ఏ రాష్ట్రమున చేరియున్నదో ఆ రాష్ట్రపు రాజధాని ముంబయిలో, రసాయన సాంకేతిక సంస్థయందు మేధా జోషి, వందనా పత్రావళే 2008లో సెలికాక్సిబ్ మందుతో ఇట్టి లేపనమును తయారుచేసి ప్రకటించిరి. పాలనచే ముంబయివంక, భాషచే వరంగల్లువంక చూచు సిరోంచవాసులకు ఈ రెండును స్వంతమే.

తయారీవిధానము క్లుప్తముగా నిది. కొవ్వును కరగించి, మందును అందు కరగించి, అంతే వేడిగల నీటిని, సబ్బువంటి గుణముగల సహాయద్రవ్యమును చేర్చి అతివేగముగా చిలికి, పిమ్మట వినరాని శబ్దతరంగములతో చిన్న బిందువులుగా చేయుదురు. చల్లార్చగనే బిందువులు గట్టిపడి కణములగును. వరంగల్లువారు అవలంబించినది దాదాపుగా నిదే. ముంబయివారు చిలుకుటకు బదులు సూక్ష్మ ఎమల్షనును ముందుగా ఏర్పరచి దానినుండి కణములను రాబట్టిరి.

కొలత, ఆవేశము

ఇంత చిన్న కణములను కంటితో గాని సామాన్య సూక్ష్మదర్శినితో గాని చూడజాలము. కొలుచుటకు కణముల అలజడినే సాధనముగా గ్రహింతురు. నీటి అణువులు అన్నివైపుల తాకుచుండుటచే చిన్నకణము నిలకడలేక కదలాడుచుండును. కణమెంత చిన్నదైన అంత చుఱుకు. లేజర్ వెలుగును ద్రవముపై ప్రసరింపజేసి, చెదరిన వెలుగు ఎంత త్వరగా మిణుకుమనుచున్నదో గణించి, 1905లో ఐన్‌స్టీన్ ఈ చలనమును గూర్చి తెల్పిన సూత్రముననుసరించి కణపు అడ్డుకొలతను లెక్కింతురు. వరంగల్లు కణములు మిశ్రమమునుబట్టి 60 మొదలు 380 నానోమీటరుల వరకు తేలినవి.

ఇచ్చట జాగ్రత్త యవసరము. అతిచిన్న కణములలో అడ్డుకొలత రెట్టింపైనచో చెదరు వెలుగు 64 రెట్లగును. కావున కొలదిపాటి పెద్దకణములు వేలకొలది చిన్నవానిని మఱుగుపఱచును. సంతలో ఒక్క డప్పు నూరుమంది మాటలను మ్రింగివేసినట్లు. సగటు కొలత నొక్కటే ప్రకటించి ఊరుకొనువారి మాటపై ఈ కారణముచే అంతగా ఆధారపడరాదు. కణములన్నియు ఒకే తీరుననున్నవా లేదా అని తెలుపు అంకె వేఱుగా నుండవలెను. అది సున్నకు చేరువైనచో సమముగా నున్నవనియు, 0.3 లోపలనున్న లిపిడ్ కణములకు అంగీకారమనియు సాధారణముగా తలంతురు. దానికితోడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో కొన్ని కణముల రూపమును నేరుగా చూడవలెను.

కణములపై విద్యుదావేశముండును. ఒకే ఆవేశముగలవి ఒకదాని నొకటి త్రోసికొనును గనుక గుంపులు కట్టవు. ధన లేక ఋణ 30 మిల్లీవోల్టులు దాటిన ఆవేశశక్మము నిలకడకు గుర్తు. సహాయద్రవ్యపు పొడుగాటి అణువులు కణమును కంచెవలె చుట్టియున్నచో అంతకు తక్కువయైనను చాలును. వరంగల్లు పరిశోధనలో ఇది ఋణ 23 మొదలు ధన 33 వరకు నుండినది. ధనావేశము స్టీరిలమీన్ అను ద్రవ్యమును కావలెనని చేర్చుటచే వచ్చినది.

లోపలెంత, బయటెంత?

వేసిన మందులో కణములలోనికి పోయినదెంత, నీటిలో మిగిలినదెంత అని తరువాత అడుగవలెను. అతిసన్నని రంధ్రములుగల పొరద్వారా ద్రవమును వడియగట్టినచో నీరు, అందు కరగిన మందు క్రిందికి దిగును. కణములు పైన నిలుచును. ఉదాహరణకు నూరు మిల్లీలీటరుల ద్రవములో 5 గ్రాముల కొవ్వు, 500 మిల్లీగ్రాముల మందు కలవనుకొందము. వడిసిన నీటిలో లెక్కకు 30 మిల్లీగ్రాములు తేలినవి. కడమ 470 లోపలనున్నవి. అనగా నూటికి 94 పాళ్ళు. చూచుటకు ఘనమైన సంఖ్య.

అయితే మనమెన్నుకొన్నది నీటిలో కరగని మందు. కణములలో చోటు చాలక 200 మిల్లీగ్రాములు బయట సన్నని స్ఫటికములుగా మిగిలిపోయినచో, ఆ స్ఫటికములును పొరపైననే నిలుచును, నీటిలోనికి దిగవు. లెక్క మాత్రము 94 అనియే చెప్పును. నిజము 54. ప్రకటితమగు ఘనసంఖ్యలలో కొన్ని ఇట్టివి కావచ్చునని నా యనుమానము. దీనికి మందు, వడియగట్టుటకు ముందు ద్రవమును వెలుతురును ధ్రువీకరించు సూక్ష్మదర్శినితో పరిశీలించుటయు, ముందు చెప్పబోవు ఎక్స్-కిరణ పరీక్ష చేయుటయు.

మఱియొక సంగతి. పై ఉదాహరణమున లెక్క నిజమేయైనను, 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అందవలెనన్న సుమారు 85 మిల్లీలీటరుల పాలవంటి ద్రవమును త్రాగవలెను. నోటిమాత్రకు బదులుగా ఇట్టిది పనికిరాదనుట స్పష్టము. తక్కువ మోతాదుతో పనిచేయు మందులకును, చర్మముపై పూయు లేపనములకును ఈ కణములు తగును. శోథహర ఔషధముల విషయమున పరిశోధకులు పెక్కుమంది లేపనమువైపు మొగ్గుటకు ఇదియు నొక కారణము.

కొవ్వు గట్టిపడు తీరు

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష యిది. వంటయింట దీనికి సాక్ష్యము కలదు. వెన్న కాచి దించిన నెయ్యిని త్వరగా చల్లార్చినచో నున్నగా పేరుకొనును. మెల్లగా చల్లారనిచ్చినచో పూసకట్టును. నెయ్యి ఒక్కటే, స్ఫటికముల అమరిక వేఱు. గట్టికొవ్వుల అణువులు మూడు విధములుగా అమరును. శాస్త్రజ్ఞులు వానిని ఆల్ఫా, బీటాప్రైమ్, బీటా అని పిలుతురు. త్వరగా చల్లార్చినప్పుడు మొదట వచ్చునది ఆల్ఫా. అందు అణువులు వదులుగా, క్రమము తక్కువగా నుండును. కాలము గడచినకొలది అవి సర్దుకొని బిగువైన బీటారూపమును పొందును. ట్రైస్టియరిన్ అను కొవ్వు ఆల్ఫారూపమున సుమారు 55 డిగ్రీల సెంటీగ్రేడు వద్దను, బీటారూపమున 72 డిగ్రీల ప్రాంతమునను కరగును. ఒకే పదార్థమునకు రెండు ద్రవీభవన స్థానములా అని పాఠకుడు శంకింపవచ్చును. పూసకట్టిన నెయ్యిని జ్ఞప్తికి తెచ్చుకొనిన శంక తీరును.

మందునకు దీనితో పనియేమి? వదులైన ఆల్ఫారూపములో మందు అణువులు దూరియుండుటకు సందులుండును. బీటారూపమునకు మారునప్పుడు సందులు మూసికొనిపోవును. కలకండ కట్టునప్పుడు స్ఫటికము పెరుగుచు మడ్డిని ప్రక్కకు నెట్టివేయునట్లు, కొవ్వు తనలోని మందును బయటికి నెట్టివేయును. తయారైన దినమున నూటికి 90 పాళ్ళు లోపలనున్న మందు మూడునెలల తరువాత నీటిలో సూదులవంటి స్ఫటికములై తేలుట ఈ కారణముచేతనే. మొదటినాటి పరీక్షను మాత్రమే ప్రకటించుట చాలదనుటకు వేఱు హేతువక్కరలేదు.

దీనిని రెండు సాధనములతో కనిపెట్టుదురు. ఒకటి ఉష్ణమాపకము. కణములను ఎండబెట్టి మెల్లగా వేడిచేయుచు ఏ వేడిమివద్ద ఎంత ఉష్ణమును గ్రహించుచున్నవో గీతగా వ్రాయింతురు. కొవ్వు ఏ రూపమున నున్నదో, ఎంతభాగము స్ఫటికమైనదో ఆ గీత చెప్పును. సెలికాక్సిబ్ 160 డిగ్రీలు దాటిన పిమ్మట కరగును. ఆ చోట గీతలో మిట్ట కనబడనిచో మందు స్ఫటికముగా లేదని చెప్పుట ఆచారము. ఈ ఆచారము నమ్మదగినది కాదు. వేడిచేయుటలో కొవ్వు 60, 70 డిగ్రీలకే కరగి నూనెయగును. ఆ నూనెలో మందుస్ఫటికములు కరగిపోయి, 160 వరకు మిగులకనే పోవచ్చును. పరీక్షయే సాక్ష్యమును మ్రింగివేయుచున్నదన్నమాట. కావున రెండవ సాధనమైన ఎక్స్-కిరణ వివర్తనము తప్పనిసరి. ఇందు వేడిచేయ నక్కరలేదు. అణువుల వరుసల మధ్యనున్న దూరమును కిరణములు నేరుగా తెలుపును: ఆల్ఫాకు 0.415 నానోమీటరు, బీటాకు 0.46 నానోమీటరు ప్రధాన చిహ్నములు. వరంగల్లువారు ఈ రెండు పరీక్షలను కలిపి చేసి, క్లోజపిన్ కణములలో అస్ఫటికరూపమున నున్నదని నిర్ణయించిరి. ఆ వ్యాసము గౌరవింపదగుటకు ఇదియొక కారణము.

ఒక విచిత్రమును చెప్పక తప్పదు. ట్రైలారిన్ అను కొవ్వు సామాన్యముగా 46 డిగ్రీలకు కరగును. గది వేడిమిలో గట్టిగా నుండును. దానినే నానోకణములుగా చేసినచో గది వేడిమిలో ఎంతకాలమున్నను గట్టిపడక నూనెగనే నిలిచిపోవునని జర్మను పరిశోధకులు 1990 దశకమున చూపిరి. గట్టికణములని పేరుపెట్టి నూనెబిందువులను అందించువారు లేకపోలేదు. వారికిని ఆ సంగతి తెలియకపోవచ్చును. పేరు పదార్థమును మార్చజాలదు గదా!

బిగువైన స్ఫటికము మందును నెట్టివేయుచున్నప్పుడు స్ఫటికమును చెడగొట్టుటయే మేలని మ్యూలరు బృందమువారు 1990 దశకపు చివర గట్టికొవ్వులో కొంత ద్రవనూనెను కలిపిరి. పొడవు పొట్టి అణువులు కలిసినచో అమరిక కుదురదు, సందులు మిగులును, మందు లోపల నిలుచును. ముంబయివారి సెలికాక్సిబ్ లేపనము ఈ రెండవ తరమునకు చెందినదే.

విడుదల, వాపుపై ప్రభావము

మందు కణమునుండి ఎంతసేపటికి బయటికి వచ్చునో చూచుటకు ద్రవమును డయాలిసిస్ సంచిలో కట్టి, పెద్దపాత్రలోని ద్రావణమున వ్రేలాడదీసి, గంటగంటకు పాత్రనుండి కొంత తీసి కొలుతురు. సంచి గోడయే మందును కొంత ఆలస్యపఱచును గనుక, కణములు లేని మందుద్రావణమును మఱొక సంచిలో కట్టి సరిపోల్చవలెను. లేపనమైనచో చర్మపు ముక్కను రెండు గాజుగదుల నడుమ బిగించి, పైగదిలో లేపనముంచి, క్రిందిగదిలోనికి వచ్చిన మందును కొలుచుట పద్ధతి. ఎలుకచర్మము మనుష్యచర్మముకంటె సులభముగా మందును పోనిచ్చును. పందిచెవి చర్మము మనకు చేరువ. ఏ చర్మముతో పరీక్షించినారో చెప్పని సంఖ్యకు విలువ లేదు.

ఎలుక అరికాలిలో సముద్రపు నాచునుండి తీసిన కారజీనన్ను సూదితో ఎక్కించి, వచ్చిన వాపును మందు ఎంత తగ్గించునో కొలుచు పద్ధతి 1962 నుండి వాడుకలో నున్నది. ముంబయివారు ఏరోసిల్ అను సన్నని సిలికాపొడిచే వాపు కలిగించి పరీక్షించిరి. వారి లేపనము త్వరగా పని మొదలిడి, 24 గంటలవరకు ప్రభావము చూపినదని వారు తెలిపిరి. ఇట్టి పరీక్షలో మందులేని ఉత్తకణములను పూసిన ఎలుకలును, అంతే మోతాదుగల సామాన్యలేపనము పూసిన ఎలుకలును ఉండవలెను. లేనిచో ఉపశమనము మందువలననో, కొవ్వు చర్మమును మెత్తపఱచుటవలననో తెలియదు.

సిరోంచ ఎండలో

మందు అంగడికి రాకమునుపు దానిని 40 డిగ్రీల వేడిమి, నూటికి 75 పాళ్ళ తేమగల గదిలో ఆరునెలలుంచి చూచుట నియమము. అధికవేడిమిలో త్వరగా చెడినదానినిబట్టి సామాన్యవేడిమిలో ఎన్నాళ్ళు నిలుచునో ఊహింతురు. మాత్రలకు ఇది చక్కగా సరిపోవును. కొవ్వుకణములకు సరిపోదు. రసాయనిక మార్పు వేడిమితోపాటు క్రమముగా హెచ్చును. కరగుట యట్లు కాదు. ఒక డిగ్రీ ఇవతల గట్టి, అవతల నూనె. పైగా గదిలో వేడిమి స్థిరము, సిరోంచలో కాదు. మే నెలలో ఇచట నీడలోనే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. రేకుల కప్పు క్రింద ఇంకను హెచ్చు. రాత్రికి వేడిమి తగ్గును. ప్రతిదినము కొంత కరగుట, ప్రతిరాత్రి కొంత పేరుకొనుట జరిగినచో, ప్రతిమాఱును స్ఫటికము మఱింత బిగియును. మందు మఱికొంత బయటపడును. ఇట్టి పగటిరాత్రి చక్రమును, 25 మొదలు 48 డిగ్రీలవరకు, కనీసము నలుబది దినములు నడిపి చూడనిదే ఏ లిపిడ్ లేపనమును ఈ ప్రాంతపు ఆరోగ్య ఉపకేంద్రములకు తగినదని చెప్పరాదని నా యభిప్రాయము. శీతలపేటికలో భద్రపఱచుడని అట్టపై ముద్రించుట దీనికి బదులు కాదు. అట్టపై నానో అను మాటను చూచి మురియుటకంటె, ఈ పరీక్ష జరిగినదా అని అడుగుట మేలు.

ఇక ఇప్పనూనె ఇందుకు పనికివచ్చునా? దానిలో ఒలీయిక్ ఆమ్లము నూటికి 40 పాళ్ళ ప్రాంతమున, పామిటిక్, స్టియరిక్ ఆమ్లములు ఒక్కొక్కటి 20 పాళ్ళకు పైగా నుండును. ద్రవభాగము, గట్టిభాగము రెండును ప్రకృతియే కలిపియిచ్చినది. కాని వైశాఖమున కరగిపోవునది తానొక్కతే గట్టికణముగా నిలువజాలదు. ట్రైస్టియరిన్ వంటి గట్టికొవ్వునకు తోడుగా కలుపవలసిన ద్రవభాగముగా ఆలోచింపదగియున్నది. అప్పుడు మొదట పరీక్షింపవలసినది కణము కాదు, నూనె. గింజలు ఏరునది తొలకరి రోజులలో. తడిసి నిలువయున్న గింజలనూనెలో విడి కొవ్వుఆమ్లములు పెరుగును, ముక్కవాసన పుట్టును. అట్టి నూనె మందును సైతము పాడుచేయగలదు. ఇప్పచెక్కలోనుండు సాపోనిన్లు నూనెలో మిగులకుండ శుద్ధిచేయవలెను. చెట్టుచెట్టునకు మారు నూనెతో ఒకే తీరు కణములను పొందుట సులభము కాదు, అసాధ్యమును కాదు.

రాబందుల విషయము

కొవ్వుకణముల సుగుణముగా చెప్పబడునది మందును శరీరములో ఎక్కువసేపు నిలుపుట. ఈ సుగుణము పశువైద్యమునకు వచ్చునప్పటికి తలక్రిందులగును. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు త్వరలోనే చనిపోయినచో, దాని కళేబరమును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి మరణము కలుగునని 2004లో ఋజువైనది. 1990 దశకము మొదలు 2007 నాటికి భారతదేశమున తెల్లవీపు రాబందులు నూటికి 99 పాళ్ళకు పైగా నశించినవి. పశువులకు డైక్లోఫెనాక్‌ను భారత ప్రభుత్వము 2006లో నిషేధించెను. మనుష్యులకై తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుచుండుటచే 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటరులకు పరిమితము చేసెను. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను సైతము పశువైద్యమున నిషేధించెను. మెలాక్సికామ్ రాబందులకు హానిచేయదని పరీక్షలలో తేలినది.

ప్రాణహితలో కలియు పెద్దవాగు ఒడ్డున, బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై పొడుగుముక్కు రాబందులున్నట్లు 2013లో కనుగొనిరి. అవి గూడుకట్టునది తెలంగాణ గట్టునైనను, ఎగురుచు వెదకు పశుకళేబరములు ప్రాణహితకు ఇరుగట్టులవి. కావున పశువులకై ఎవరైనను శోథహర ఔషధమును లిపిడ్ కణములలో చేర్చి సూదిమందు తయారుచేసినచో, పైన చెప్పిన పరీక్షలకు మఱొకటి చేర్చవలెను: మందిచ్చిన ఎన్ని దినములవరకు పశువు కాలేయమున, మూత్రపిండములలో, కండలో, సూదిగ్రుచ్చిన తావున ఎంత మందు మిగిలియున్నదో కొలుచుట. మెలాక్సికామ్‌నకు కూడ ఈ కొలత అవసరమే. సామాన్యమైన సూదిమందుగా ఇచ్చినప్పుడు తేలిన నిరపాయత కొవ్వులో నిలిచియుండు రూపమునకు దానంతట అది సంక్రమించునది కాదు.